చిన్న కేబినెట్, చక్కటి లుక్, తక్కువ బడ్జెట్: గేమింగ్ పీసీకి పార్టులు ఎలా ఎంచుకోవాలి

"అన్నా, డెబ్బై వేలుంది, టేబుల్ మీద పట్టేంత చిన్నగా ఉండాలి, గేమ్స్ బాగా ఆడాలి, రూములో పెడితే చూడ్డానికి కూడా బాగుండాలి, ఏం కొనమంటావ్?" నెలలో ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, అందుకే అంతా ఒకేచోట రాస్తున్నాను. ఫలానా పార్టు ఇంత అని ధరలు రాయట్లేదు, ఎందుకంటే నేను రాసి మీరు చదివేలోపే అవి మారిపోతాయి. ఎలా ఎంచుకోవాలో తెలిస్తే ఆ రోజు రేటు మీరే చూసుకోగలరు.

ఒక సంగతి మాత్రం ముందే ఒప్పుకోండి. చిన్నగా, చవగ్గా, అందంగా మూడూ కావాలంటే "మరీ చిన్నది" అనే ఆశ వదులుకోవాలి. షూ బాక్సంత పీసీలు వీడియోల్లో బాగుంటాయి కానీ వాటికయ్యే అదనపు ఖర్చంతా సైజుకే పోతుంది, గేములో ఒక్క ఫ్రేము (సెకనుకి కనిపించే బొమ్మల లెక్క) కూడా పెరగదు. మధ్యరకం సైజు దగ్గర ఆగితే ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డులోకి వెళ్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

టేపు, కాగితం, పెన్ను. నవ్వకండి, సగం తప్పులు టేపు లేకే జరుగుతాయి. పీసీ పెట్టే చోటు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి రాసుకోండి. వెనకాల వైర్లకీ గాలికీ నాలుగు వేళ్ల జాగా వదలండి. తర్వాత మీ బడ్జెట్, అది ఒట్టి బాక్సుకేనా లేక మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్ అన్నీ కలిపా అన్నది కూడా రాయండి. చాలామంది ఇది తేల్చుకోకుండా షాపుకెళ్లి, చివర్లో మానిటర్‌కి డబ్బు చాలక పాత టీవీకి తగిలించుకుంటారు.

1. మానిటర్‌తో మొదలుపెట్టండి

1080పీ మానిటర్ అయితే ఒక రకం పీసీ, 1440పీ అయితే ఇంకో రకం (బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందో చెప్పే నంబర్లు ఇవి). మన బడ్జెట్‌లో 1080పీ, 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మారేది) లేదా ఆ పైన ఉన్న మానిటర్ సరైన జోడీ. ఎక్కువగా ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివైతే ప్రాసెసర్ మీద భారం ఎక్కువ. సైబర్‌పంక్ లాంటి పెద్ద గేములైతే గ్రాఫిక్స్ కార్డు మీద ఎక్కువ.

నేను వాడే లెక్క ఇది: బాక్సు మీద పెట్టే ప్రతి వందలో 35 నుంచి 40 గ్రాఫిక్స్ కార్డుకి, 30 దాకా ప్రాసెసర్, మదర్‌బోర్డు కలిపి, మిగిలిన దాంట్లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె), కేబినెట్. లైట్లకి విడిగా వాటా లేదు, గమనించండి.

2. సైజు: మైక్రో ఏటీఎక్స్ దగ్గర ఆగండి

మామూలు ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు. మైక్రో ఏటీఎక్స్ 244 × 244. మినీ ఐటీఎక్స్ 170 × 170. చూడగానే మినీ ఐటీఎక్స్ మీద మనసు పడుతుంది, తెలుసు. కానీ అదే చిప్‌సెట్‌తో వచ్చే మైక్రో ఏటీఎక్స్ బోర్డు కంటే దాని ధర బాగా ఎక్కువ, కొన్నిసార్లు రెట్టింపు దాకా పోతుంది. దానికి తోడు చాలా ఐటీఎక్స్ కేబినెట్లలో ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజు ఎస్‌ఎంపీఎస్ పెట్టాలి, అదీ ఖరీదే. ర్యామ్ స్లాట్లు రెండే.

కేబినెట్ సైజుని "మినీ టవర్" అన్న పేరు చూసి నమ్మకండి. సెంటీమీటర్లలో ఎత్తు, వెడల్పు, పొడవు గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 43 × 21 × 45 అయితే నలభై లీటర్ల పైనే, అంటే పేరుకే మినీ. పోలికకి: ఆసుస్ ప్రైమ్ ఏపీ201 అనే మైక్రో ఏటీఎక్స్ కేబినెట్ 33 లీటర్లు, లియాన్ లీ ఏ3 దాదాపు 26 లీటర్లు, కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 అనే ఐటీఎక్స్ కేబినెట్ 18 లీటర్ల పైచిలుకు. 26 నుంచి 35 లీటర్ల మధ్య మన బేరం కుదురుతుంది. ఆ రేంజిలో చవకైన బ్రాండ్లు కూడా ఉన్నాయి, లీటర్లు మీరే లెక్కేసి చూడండి.

3. కేబినెట్ కొనకండి, కానీ దాని నంబర్లు ముందు రాసుకోండి

ఈ స్టెప్పు దాటేసినవాళ్లే మళ్లీ నాకు ఫోన్ చేస్తారు. నచ్చిన రెండు మూడు కేబినెట్ల స్పెసిఫికేషన్ పేజీ తెరిచి ఈ మూడు నంబర్లు కాగితం మీదకి ఎక్కించండి:

- గ్రాఫిక్స్ కార్డు గరిష్ఠ పొడవు
- ప్రాసెసర్ కూలర్ గరిష్ఠ ఎత్తు
- ఎస్‌ఎంపీఎస్ గరిష్ఠ పొడవు, ఏ రకం పడుతుందో అది కూడా

మా బాబాయి కొడుక్కి నేనే దగ్గరుండి పార్టులు చెప్పాను. కేబినెట్‌లో 155 మిల్లీమీటర్ల కూలర్ పడుతుంది, నేను చెప్పిన కూలర్ 158. మూడు మిల్లీమీటర్లే కదా, ఏముందిలే అనుకున్నాను. అంతా బిగించాక పక్క గ్లాసు మూసుకోలేదు! అద్దం కదా, నొక్కితే పగులుతుంది. కూలర్ వెనక్కి తీసుకోనన్నారు షాపువాళ్లు, వాళ్ల తప్పేం లేదు, బాక్సు చించింది మేమే. ఆ కూలర్ ఇంకా మా ఇంట్లో ఉంది.

ఇంకో మెలిక ఉంది. స్పెసిఫికేషన్‌లో రాసే కార్డు పొడవు చాలాసార్లు ముందు ఫ్యాన్లు లేకుండా కొలిచింది. ముందు ఒక ఫ్యాన్ పెడితే 25 మిల్లీమీటర్లు పోతాయి, లిక్విడ్ కూలర్ రేడియేటర్ కూడా పెడితే మొత్తం యాభై దాటి పోతుంది. కాబట్టి కార్డుకీ గరిష్ఠ పొడవుకీ మధ్య కనీసం 30 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచుకోండి.

ముందు భాగం జాలీ ఉన్నదే చూడండి. ముందూ పక్కా అంతా అద్దమే ఉన్న చేపల తొట్టి లాంటి కేబినెట్లు ఫొటోలో అదిరిపోతాయి. చిన్న సైజులో, అదీ విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో ఏసీ లేని గదిలో పెడితే అది పీసీ కాదు, కుంపటి. అద్దం ఒక పక్క చాలు. జాలీ వెనక దుమ్ము ఫిల్టరు ఉందో లేదో చూడండి, మన ఊళ్లలో రోడ్డు పక్క ఇళ్లకి అది తప్పనిసరి.

4. గ్రాఫిక్స్ కార్డు

డబ్బు ఇక్కడ పెట్టండి, టైము కూడా. ఒకే చిప్‌తో రెండు ఫ్యాన్ల కార్డూ వస్తుంది, మూడు ఫ్యాన్ల కార్డూ వస్తుంది. చిన్న కేబినెట్‌కి రెండు ఫ్యాన్లదే తీసుకోండి, పొడవు తక్కువ, ధర తక్కువ, ఆటలో తేడా కంటికి కనపడదు. 115 వాట్ల ఆర్టీఎక్స్ 4060, 132 వాట్ల ఆర్ఎక్స్ 6600 లాంటి తక్కువ కరెంటు తినే కార్డులు చిన్న పెట్టెలకి బాగా నప్పుతాయి. ఆర్టీఎక్స్ 5060 అయితే 145 వాట్లు, అదీ పర్వాలేదు. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ మెమరీ వస్తుంది, బాగానే ఉంటుంది, కానీ 190 వాట్లు, పైగా బోర్డులో రీసైజబుల్ బార్ అనే సెట్టింగు ఆన్ చేయకపోతే ఆ కార్డు చతికిలపడుతుంది. పాత ప్రాసెసర్ల పక్కన కూడా దాని జోరు తగ్గుతుంది.

పేర్లతో మోసపోయే చోట్లు ఇవి, జాగ్రత్త:

ఆర్టీఎక్స్ 3060 అని 12 జీబీదీ ఉంది, 8 జీబీదీ ఉంది. తేడా మెమరీ ఒక్కటే కాదు, 12 జీబీది 192 బిట్, 8 జీబీది 128 బిట్ (మెమరీకి దారి ఎంత వెడల్పో చెప్పే లెక్క), వేగం కూడా పడిపోతుంది. ఆర్టీఎక్స్ 3050 కూడా అంతే, 6 జీబీది వేరే చిప్ అనుకోవాల్సిందే, 8 జీబీ దానికంటే బలహీనం. అయితే 6 జీబీ దానికి 70 వాట్లే చాలు, చాలా మోడళ్లకి విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు, కాబట్టి మరీ తక్కువ బడ్జెట్ వాళ్లకి పనికొస్తుంది. "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంది సార్, చవక" అంటూ జీటీ 730 లాంటివి చేతిలో పెడితే అక్కడే వదిలేసి రండి.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా అంటే, వారంటీ మిగిలి ఉండి, బిల్లు ఇచ్చి, మీ కళ్ల ముందు అరగంట గేమ్ నడిపి చూపిస్తే తీసుకోండి. మూడిట్లో ఒకటి లేకపోయినా వద్దు.

5. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి ఆలోచించండి

ఇవి మూడూ ఒక జట్టు. ఒకటి మారిస్తే మిగతా రెండూ మారతాయి.

చవగ్గా కావాలంటే ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600, బీ550 మైక్రో ఏటీఎక్స్ బోర్డు, డీడీఆర్4 (పాత తరం) ర్యామ్. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్ 2016 నుంచి ఉంది, రేపు పెద్ద అప్‌గ్రేడ్‌కి దారి పెద్దగా మిగల్లేదు, కానీ 1080పీ ఆటకి ఇప్పటికీ సరిపోతుంది. ఇంటెల్ వైపు కోర్ ఐ5 12400ఎఫ్ దానికి జోడు. కొంచెం చేయి చాచగలిగితే 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్ మీద రైజెన్ 5 7600, డీడీఆర్5. నాలుగేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటి మార్చుకునే వీలుంటుంది.

2025 చివర్నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లకే మెమరీ చాలావరకు పోతోంది. అందుకని పాత వీడియోలు చూసి లెక్కలేసుకోకండి. ముందు ర్యామ్ రేటు కనుక్కుని, తర్వాతే డీడీఆర్4నా డీడీఆర్5నా అన్నది తేల్చండి. ఇంట్లో పాత సిస్టమ్‌లో మంచి డీడీఆర్4 ఉంటే ఇప్పుడు అది బంగారమే, దాని చుట్టూ పీసీ కట్టండి. 16 జీబీ తీసుకుంటే ఎనిమిదివి రెండు తీసుకోండి. పదహారుది ఒకటి పెడితే డ్యూయల్ ఛానెల్ (రెండు దారుల్లో డేటా పోవడం) రాదు, గేముల్లో ఫ్రేములు పడిపోతాయి. బోర్డులో నాలుగు స్లాట్లుంటే తర్వాత ఇంకో రెండు పెట్టుకోవచ్చు.

పేరు చివరి అక్షరం చూడండి. 5600కీ 5600జీకీ ఒక అక్షరమే తేడా, కానీ జీలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ) 32 ఎంబీకి బదులు 16 ఎంబీ, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుకి డేటా వెళ్లే దారి) కూడా 4.0 కాదు, 3.0. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొంటున్నవాళ్లకి జీ అనవసరం. ఇంటెల్‌లో ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. 5600లో కూడా లేదు. అంటే కార్డు సర్వీసుకి పోతే స్క్రీన్ రాదు. 7600లో మామూలు గ్రాఫిక్స్ లోపలే ఉంది, ఆన్‌లైన్ క్లాసులకో ఆఫీసు పనికో ఆ పీసీనే వాడేవాళ్లకి అది పెద్ద ఊరట.

బోర్డులో వైఫై ఉందో లేదో ముందే చూసుకోండి. తర్వాత యూఎస్‌బీ ముక్క తగిలించుకుంటే ఆ అందమంతా అక్కడే పోతుంది. కూలర్ విషయానికొస్తే 5600, 7600 బాక్సులో వచ్చేది 54 మిల్లీమీటర్ల ఎత్తే, ఈ సైజు కేబినెట్లలో హాయిగా పడుతుంది. కొంచెం శబ్దం చేస్తుంది, అంతే. మొదట దాంతోనే నడపండి, విసుగొస్తే అప్పుడు మార్చండి.

6. ఎస్‌ఎంపీఎస్‌లో కక్కుర్తి వద్దు

కేబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ని గ్రాఫిక్స్ కార్డుకి కలపకండి. వద్దంటే వద్దు. మంచి కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్నది, 550 వాట్లది చాలు. లెక్క చూడండి: కార్డు 115 నుంచి 190, ప్రాసెసర్ ఫుల్ లోడులో ఎనభై తొంభై, మిగతావన్నీ కలిపి యాభై. మూడొందలు అటూ ఇటూ. 750 వాట్లు అమ్మాలని చూస్తే ఒప్పుకోకండి, ఆ తేడా డబ్బుతో మంచి క్వాలిటీ 550 వస్తుంది.

చిన్న కేబినెట్‌లో పొడవు కూడా ముఖ్యం. 140 మిల్లీమీటర్ల పొడవున్నది హాయిగా కూర్చుంటుంది. వీలైతే సెమీ మాడ్యులర్ తీసుకోండి, అక్కర్లేని వైర్లు పీకేయొచ్చు. మామూలు దాంట్లో మిగిలిపోయిన వైర్ల కుచ్చు ఎక్కడ దాచాలో తెలియక తల పట్టుకుంటారు.

యూపీఎస్ ఉంటే దాని వాట్లు చూడండి. 600 వీఏ అని రాసినవి సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి, మానిటర్ కూడా దానికే పెట్టి గేమ్ ఆడుతుండగా కరెంటు పోతే టక్కున ఆగిపోవచ్చు. ఇంకొకటి, కేబినెట్ ఇనుము ముట్టుకుంటే జివ్వుమంటోందని చాలామంది అడుగుతారు. అది చాలాసార్లు పీసీ తప్పు కాదు, సాకెట్‌కి ఎర్తింగ్ లేక. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరిచేయించాకే పీసీ ఆన్ చేయండి. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఎప్పుడూ పెట్టకండి.

7. ఎస్‌ఎస్‌డీ

ఎం.2 ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డులో గుచ్చే వేగమైన రకం), వీలైతే 1 టీబీ. ఈ రోజుల్లో పెద్ద గేమ్ ఒక్కటే వంద జీబీ దాటుతోంది, 256 జీబీతో నెలలో నిండిపోతుంది. పీసీఐఈ జెన్ 4 మామూలుది చాలు, జెన్ 5 జోలికి పోవద్దు. వేడీ ఎక్కువ, ధరా ఎక్కువ.

8. ఇప్పుడు అందం

అన్నీ లెక్కేశాక మిగిలిన డబ్బుతో చేసేది ఇది. ముందు కాదు.

ఒక రంగు ఎంచుకోండి. నలుపు అయితే అన్ని పార్టులూ దొరుకుతాయి, చవగ్గా. తెలుపు చూడముచ్చటగా ఉంటుంది కానీ అదే కార్డు, అదే బోర్డు తెలుపులో కొన్ని వేలు ఎక్కువ. మధ్యే మార్గం ఒకటుంది: కేబినెట్, ఫ్యాన్లు తెలుపు, లోపల పార్టులు నలుపు. బాగుంటుంది, చేసి చూశాను. ఇక అసలైన అందం వైర్లు కనపడకపోవడంలో ఉంది. బోర్డు వెనక పక్క ఖాళీ ఎక్కువున్న కేబినెట్ తీసుకుని, ఓ ఇరవై జిప్ టైలు కొని, గంట ఓపిక పెడితే చాలు. లైట్లు ఒకే రంగులో, కాస్త తగ్గించి పెట్టుకోండి. ఏడు రంగులూ తిరుగుతుంటే వినాయక చవితి మండపంలా ఉంటుంది, అది మీకిష్టమైతే సరే.

పెద్ద హెచ్చరిక ఇది. ఏఆర్‌జీబీ (రంగులు మారే లైట్లున్న) ఫ్యాన్లకి వచ్చేది 5 వోల్టుల మూడు పిన్నుల కనెక్టరు. పాతరకం ఆర్‌జీబీకి 12 వోల్టులు, నాలుగు పిన్నులు. 5 వోల్టులది తీసుకెళ్లి 12 వోల్టుల దాంట్లో బలవంతంగా గుచ్చితే లైట్లు కాలిపోతాయి. బోర్డు కొనేముందే మూడు పిన్నుల హెడర్ (ఆ కనెక్టరు పెట్టే చోటు) ఉందో చూడండి. చవక కేబినెట్లతో వచ్చే కొన్ని ఫ్యాన్లకి నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కి పెట్టే కనెక్టరు ఉంటుంది, వాటి వేగం తగ్గించడం కుదరదు, రాత్రిపూట ఆ మోత భరించలేరు.

ఫ్యాన్లు ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. చిన్న కేబినెట్‌కి అంతే చాలు. ఫ్యాన్‌కి ప్లాస్టిక్ చట్రం కనిపించే వైపు నుంచి గాలి బయటికి వస్తుంది, ఎక్కువ ఫ్యాన్లకి ఇదే గుర్తు.

9. కొనేటప్పుడు

హైదరాబాద్ వాళ్లయితే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే కంప్యూటర్ మార్కెట్‌కి, ఒక పూట పెట్టుకుని వెళ్లండి. బెంగళూరులో ఉన్న మనవాళ్లకి ఎస్పీ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్. వెళ్లేముందు ఆన్‌లైన్ ధరలు కాగితం మీద ఉండాలి. మొదటి షాపులో కొనకండి, మూడు షాపుల్లో మొత్తం లిస్టుకి కొటేషన్ రాయించుకోండి.

కొటేషన్‌లో "16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్" అని ఊరికే రాస్తే ఒప్పుకోవద్దు. కంపెనీ, మోడల్ నంబరు పూర్తిగా రాయమనండి. పార్టులు మారిపోయేది అక్కడే. బిల్లు జీఎస్టీతో, 18 శాతం, ప్రతి పార్టు సీరియల్ నంబరుతో. "బిల్లు లేకుండా తగ్గిస్తాం" అంటే వారంటీకి నీళ్లొదులుకున్నట్టే. ప్రాసెసర్ సీల్ బాక్సులో ఉందా, విడిగా ట్రేలో వచ్చిందా అడగండి. ట్రేది అయితే వారంటీ ఎవరు ఇస్తారో బిల్లు మీద రాయించండి.

ఆన్‌లైన్‌లో కొంటే బాక్సు తెరిచేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి, సీల్ దగ్గర్నుంచి. ఇంకా, పార్టులన్నీ వారం పది రోజుల్లోపే చేరేలా ఆర్డరు పెట్టండి. కార్డు జనవరిలో, బోర్డు మార్చిలో కొంటే, పాడైంది వచ్చిందని తెలిసేసరికి రిటర్న్ గడువు దాటిపోతుంది.

10. బిగించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పులు

- కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించడం. అందరూ నవ్వుతారు, ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు.
- ర్యామ్ రెండూ పక్కపక్కన పెట్టడం. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది.
- ప్రాసెసర్‌కి పైన ఎడమ మూలనుండే పవర్ కేబుల్ మర్చిపోవడం. చిన్న కేబినెట్‌లో బోర్డు బిగించాక అక్కడికి వేలు దూరదు, ముందే పెట్టుకోండి. కూలర్, ర్యామ్, ఎం.2 కూడా బోర్డు బయట ఉండగానే.
- ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉంటాయి. తర్వాతెప్పుడైనా కూలర్ తీయాల్సి వస్తే కాసేపు పీసీ నడిపి, ఆపేసి, ప్లగ్గు తీసి, కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పి లేపండి. ఒక్కసారిగా లాగితే పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది. ఏఎం5లో, ఇంటెల్‌లో పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, వేలు తగలనివ్వకండి.
- మానిటర్ కేబుల్ బోర్డుకి పెట్టడం. గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి! "కొత్త కార్డు పని చేయట్లేదు" అని వచ్చే ఫోన్లలో ఇదే మొదట అడుగుతాను.

ఏఎం5 వాళ్లకి ఇంకో మాట. మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు, బోర్డు ర్యామ్‌ని సరిచూసుకుంటోందన్నమాట. టెన్షన్ పడి మధ్యలో ఆపేయకండి, టీ పెట్టుకోండి.

11. అంతా సరిగ్గా ఉందా, ఎలా చెక్ చేయాలి

బయోస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగులు) వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి. లేకపోతే 3200 ర్యామ్ కొన్నా తక్కువ వేగంతోనే నడుస్తుంది. విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ కింద వేగం చూడండి. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 1600 అని కనిపిస్తే గాబరా వద్దు, డీడీఆర్ కాబట్టి దానికి రెట్టింపు 3200, సరిగ్గానే ఉంది. ఛానెల్స్ దగ్గర డ్యూయల్ అని గానీ, కొత్త వెర్షన్లలో 2 x 64-bit (డీడీఆర్5 అయితే 4 x 32-bit) అని గానీ ఉండాలి.

గ్రాఫిక్స్ కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ తెరిచి కార్డు పేరు, మెమరీ, బిట్లు బిల్లుతో పోల్చండి. 4060, 5060, 6600 లాంటివి ఎనిమిది లేన్లవే (బోర్డుతో డేటా మార్చుకునే దారులు), కాబట్టి ×8 అని చూపిస్తే అది లోపం కాదు. ఎస్‌ఎస్‌డీ 1 టీబీ బదులు 931 జీబీ చూపిస్తుంది, అదీ మామూలే. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ మీరే ఎంచుకోవాలి. మానిటర్ కొని ఏడాదిపాటు 60లోనే ఆడినవాళ్లు నాకు తెలుసు.

చివరగా వేడి. వేడి ఎంతుందో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, మీ దగ్గరున్న బరువైన గేమ్ అరగంట ఆడండి, పక్క గ్లాసు మూసి, గదిలో మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే. కార్డు డెబ్బై అయిదు దాకా, ప్రాసెసర్ ఎనభై దాకా అయితే నిశ్చింత. ఇప్పుడు గ్లాసు తీసేసి మళ్లీ అరగంట ఆడండి. పది డిగ్రీలు, అంతకంటే ఎక్కువ తగ్గితే గాలి లోపలికి సరిగ్గా రావట్లేదని అర్థం. ముందు ఫ్యాన్ల దిక్కు చూడండి, తర్వాత వైర్లు దారికి అడ్డంగా ఉన్నాయేమో చూడండి, ఇంకో ఫ్యాన్ కొనడం ఆ తర్వాత. ఈ పరీక్ష చలికాలంలో చేసినవాళ్లు ఏప్రిల్‌లో ఇంకోసారి చేయండి.

పార్టుల బాక్సులు మాత్రం పారేయకండి. సర్వీసుకి పంపాలన్నా, రేపు కార్డు అమ్ముకోవాలన్నా అవే అడుగుతారు. అట్టపెట్టెలెందుకని అమ్మ పాత పేపర్ల వాడికి వేసేలోపే అటక మీదకి ఎక్కించండి.